బోర్లిస్తేనే టార్ట్: తిరుమలగిరి పద్ధతి

మన పత్రికలో కథలు, కవితలు, పుస్తక పరిచయాలు వస్తుంటాయి. ఈసారి వంట గురించి రాస్తానంటే సంపాదక మిత్రులు ముందు నవ్వారు. తర్వాత ఒక షరతు మీద ఒప్పుకున్నారు: "ఉత్త రెసిపీ అయితే యూట్యూబ్ చాలు. అది ఎందుకు అట్లా చేయాలో రాయి." నేను రాయాలనుకున్నదీ అదే.

వంట పేరు ఆపిల్ టార్ట్. చక్కెరను ఎర్రగా కరిగించి, అందులో ఆపిల్ ముక్కలు మగ్గించి, పైన పిండి రేకు కప్పి కాల్చి, చివరికి పళ్ళెంలోకి బోర్లించేది. దీన్ని మా ఊరి దినుసులతో, మా ఊరి పొయ్యి మీద ఎలా చేయొచ్చన్నదే ఈ వ్యాసం. మాది తిరుమలగిరి. సికింద్రాబాద్ తిరుమలగిరి కాదు, నాగార్జునసాగర్ దిక్కున్న తిరుమలగిరీ కాదు. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో వచ్చేది. 2016 అక్టోబర్ దాకా నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా.

ఇదంతా మా అక్క వల్ల మొదలైంది. అక్క ఇంట్లోనే పుట్టినరోజు కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. కేకులు చేసేవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊర్లో ఉన్నారు కాబట్టి, "మన దిక్కు రుచి ఉండేది ఏదన్న చెయ్యాలె" అని ఆమె పట్టుదల. ఒక రోజు నన్ను కూర్చోబెట్టి అడిగింది: "ఇంజినీరింగ్ చదువుతున్నవ్ కద తమ్మీ, దీంట్ల ఏది తీసేసి ఏది ఎయ్యొచ్చో చెప్పు. ఊకె పారబోసుడు నాతోని కాదు." ఆమెకు ఒక్కో ట్రయల్ అంటే వెన్న, పండ్లు, గ్యాస్, ఒక పూట పని. కాబట్టి ఇది సరదా ప్రశ్న కాదు.

ఎక్కడి వంట ఇది?

ఫ్రాన్స్‌లో పారిస్‌కు దక్షిణాన సొలోన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి లామోత్-బెవ్రోన్ అనే చిన్న ఊళ్ళో, రైల్వే స్టేషన్ ఎదురుగా, 19వ శతాబ్దం చివర్లో స్తెఫానీ, కారొలీన్ అనే ఇద్దరు అక్కాచెల్లెళ్ళు హోటల్ నడిపేవారు. వాళ్ళ ఇంటిపేరు తాతాన్. ఆ పేరు మీదనే ఈ వంటను "తార్త్ తాతాన్" అంటారు.

దీనికి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. స్తెఫానీ హడావిడిలో పిండి వేయడం మర్చిపోయి ఆపిల్ ముక్కలు పొయ్యి మీద పెట్టేసిందట, తర్వాత పైన పిండి కప్పి కాల్చి బోర్లించిందట. కథ బాగుంటుంది కానీ నమ్మడం కష్టం. ఎందుకంటే ఇలా బోర్లించే టార్టులు ఆ ప్రాంతంలో అంతకుముందే చేసుకునేవారు. 1920లలో కూర్నోన్‌స్కీ అనే భోజన విమర్శకుడు ఆ హోటల్ వంటను పొగుడుతూ రాశాక పారిస్‌లో పేరు వచ్చింది. అంటే ఈరోజు స్టార్ హోటల్ మెనూలో కనిపించే ఈ వంట ఒకప్పుడు ఒక జిల్లా వంట. వాళ్ళ తోటలో కాసిన పండు, వాళ్ళ పశువుల వెన్న, వాళ్ళ పొయ్యి. అందుకే మన జిల్లా దినుసులతో చేస్తే దాన్ని పాడుచేసినట్టు కాదు. అది పుట్టిన పద్ధతిలోనే చేసినట్టు.

మన ఇంట్లో ఆపిల్ ఎప్పుడు ఉంటుంది?

మా దిక్కు ఆపిల్ అంటే ఇష్టపడి కొనుక్కునే పండు కాదు. ఎవరికన్నా పాణం బాగలేకపోతే చూసి రావడానికి పట్టుకుపోయే పండు. ఇంట్లో ఒకరు దవాఖాన నుంచి వచ్చారంటే వారం తిరిగేసరికి రెండు మూడు కవర్ల ఆపిల్స్ జమ అవుతాయి. రోగి రెండు తింటాడు, పిల్లలు రెండు తింటారు, మిగతావి ఫ్రిజ్‌లో పిండి పిండిగా అయిపోతాయి. మా బాపు ఆపరేషన్ అయి వచ్చినప్పుడు మా ఇంట్లోనూ అంతే. ఈ వంటకు అవసరమైన పండు మన ఇళ్ళలో ఇట్లా దొరుకుతుంది.

మన బండ్ల మీదికి వచ్చే ఆపిల్ ఎక్కువగా హిమాచల్, కశ్మీర్‌లది. ఆగస్టు నుంచి నవంబర్ దాకా కొత్త పంట. మిగతా నెలల్లో కోల్డ్ స్టోరేజీ సరుకు, విదేశీ సరుకు. ఆపిల్ చెట్టు పూత పట్టాలంటే చలి కావాలి. మామూలు రకాలకు 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా అవసరం. మనకు అంత చలి ఎక్కడిది? అయినా తెలంగాణలో ఆపిల్ కాసింది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాకు చెందిన కేంద్రె బాలాజీ అనే రైతు పండించి, తొలి పంటను 2020 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రికి అందించారు. హిమాచల్ రైతు హరిమన్ శర్మ పెంచిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి తక్కువ చలి చాలే రకాలతో వేడి ప్రాంతాల్లో కూడా ఇది వీలవుతోంది. అయితే మన బండి మీదికి ఆ పండు ఇంకా రాలేదు. కాబట్టి ఈ వంటలో ఆపిల్ బయటిదే. ఊరి తనం మిగతా దినుసుల నుంచి రావాలి.

ఊరి పేరు కాదు, ఊరి పని

అక్క మొదటి జాబితాలో మన ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల పేరున్న వస్తువులన్నీ ఉన్నాయి: బాలానగర్ సీతాఫలం, నల్గొండ బత్తాయి, నకిరేకల్ నిమ్మకాయ, జొన్నపిండి, బెల్లం. అన్నీ వేస్తే పేరు బాగా వస్తుంది, టార్ట్ మాత్రం రాదు. అందుకే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. అసలు వంటలో ఒక్కో దినుసు చేస్తున్న పని ఏంటో ముందు రాసుకోవాలి. ఆ పనిని మన దినుసు చేయగలిగితేనే లోపలికి రానివ్వాలి. మెషీన్‌లో ఒక పార్ట్ మార్చేటప్పుడు కంపెనీ పేరు చూడం, అది మోయాల్సిన లోడ్ చూస్తాం కదా, అలాగే.

టార్ట్‌లో పనులు నాలుగు. కరకరలాడుతూ నోట్లో పొడి అయ్యే రేకు. కొంచెం చేదు తగిలే ఎర్రటి పాకం. ముక్క చెదరకుండా ఉడికే పండు. కింద నుంచీ పైనుంచీ తగిలే వేడి. ఒక్కోటి చూద్దాం.

రేకు: జొన్నపిండి ఎందుకు గెలిచింది?

మైదాలో నీళ్ళు కలిపి పిసికితే గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. పరోటాకు, బ్రెడ్డుకు అది కావాలి. టార్ట్ రేకుకు అదే శత్రువు. వల గట్టిపడితే రేకు తోలులాగా సాగుతుంది. అందుకే టార్ట్ చేసేవాళ్ళు మైదాను వెన్నతో పొడిపొడిగా నలుపుతారు. పిండి రేణువుల చుట్టూ కొవ్వు పూత పడితే నీళ్ళు సులువుగా అందవు, వల తక్కువ అల్లుకుంటుంది.

జొన్నలో ఉన్న ముఖ్యమైన ప్రోటీన్ కాఫిరిన్. అది ఇలాంటి వల అల్లదు. జొన్న రొట్టె చేసేవాళ్ళకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. చల్లనీళ్ళతో తడిపిన జొన్నపిండి రొట్టె కొడుతుంటే పగిలిపోతుంది. అందుకే కాగే నీళ్ళు పోస్తారు. అప్పుడు పిండిలోని స్టార్చ్ కొంత ఉడికి జిగురు పుట్టి, ఆ జిగురు రొట్టెను పట్టుకుంటుంది. రొట్టెకు లోపమైన ఈ గుణమే టార్ట్‌కు వరం. కాబట్టి ఇక్కడ మన అలవాటుకు పూర్తిగా వ్యతిరేకం చేయాలి: చల్లనీళ్ళే పోయాలి, తక్కువ పోయాలి, పిసకకూడదు. మా నాయనమ్మ చూసి, "సల్లనీళ్ళ జొన్నపిండి నిలుస్తదా బిడ్డా?" అంది. నిలవకపోవడమే మనకు కావాలని ఆమెకు నచ్చజెప్పడానికి కొంచెం టైమ్ పట్టింది.

పూర్తిగా జొన్నపిండే అయితే రేకు ఎత్తే లోపే ముక్కలవుతుంది. మూడింట రెండు పాళ్ళు మైదా, ఒక పాలు జొన్న అయితే సరిపోతుంది. కాలినప్పుడు జొన్న రొట్టె అంచు మాడిన వాసన లీలగా వస్తుంది. ఆపిల్ తీపికి అది బాగా జత కుదురుతుంది. పిండి కొత్తగా పట్టించింది అయ్యుండాలి. పాతబడితే చేదెక్కుతుంది.

కొవ్వు సంగతి. వెన్నలో నూటికి 80 పాళ్ళ పైన కొవ్వు, 16 పాళ్ళ దాకా నీళ్ళు. నెయ్యి అయితే దాదాపు మొత్తం కొవ్వే. వెన్న బదులు నెయ్యి వాడితే పరిమాణం ఐదో వంతు తగ్గించి, నీళ్ళు ఒకటి రెండు చెంచాలు పెంచాలి. ఏదైనా గడ్డకట్టి ఉండాలి. చలికాలం అయితే పేరుకున్న నెయ్యి దానంతట అదే సరిపోతుంది. మే నెలలో మా దిక్కు ఎండ 45 దాటుతుంది, అప్పుడు వెన్న చేతిలోనే కారిపోతుంది. ఎండాకాలం తప్పదంటే పొద్దుగాల ఐదింటికి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు.

పాకం: మన మాటలు ఆగిపోయే చోటు

చక్కెర పాకం విషయంలో తెలుగువాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం, ముదురు పాకం అని మనకు మెట్టుకో పేరు ఉంది. ఇవి నిజానికి థర్మామీటర్ మీది గీతలు. పాకం మరుగుతుంటే నీళ్ళు పోతాయి, నీళ్ళు పోయే కొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. తీగ పాకం 106 నుంచి 112 డిగ్రీల మధ్య. అరిసెల ఉండ పాకం 115 ప్రాంతం, అప్పుడు పాకంలో నూటికి సుమారు 85 పాళ్ళు చక్కెర, 15 పాళ్ళు నీళ్ళు. పల్లి పట్టి ముదురు పాకం 140 దాటి 150 దాకా. నీళ్ళలో వేసి ఉండ కట్టి చూసే అమ్మ వేలు కొలిచేది ఈ లెక్కనే.

అయితే మన పేర్లు అక్కడితో ఆగిపోతాయి. ఆ తర్వాత వచ్చేదాన్ని మనం "మాడింది" అంటాం, గిన్నె నానబెడతాం. ఈ వంట అక్కడే మొదలవుతుంది. 160 దాటాక నీళ్ళు దాదాపు ఉండవు, చక్కెర అణువులే విరిగి వందల రకాల కొత్త పదార్థాలుగా మారుతాయి. తీపి తగ్గుతుంది, రంగు, వాసన, చిరుచేదు వస్తాయి. దీన్నే కారమెల్ అంటారు. తేనె రంగు నుంచి పాత రాగి చెంబు రంగు దాకా వెళ్ళేసరికి 170, 175 అవుతుంది. అంతే, మంట ఆపాలి. ఇంకో అర నిమిషం పోతే నిజంగానే మాడుతుంది.

మరి బెల్లం? "చక్కెర ఎందుకు, మొత్తం బెల్లమే వేద్దాం" అన్నది అందరికీ వచ్చే ఆలోచన. పని చూస్తే కుదరదు. బెల్లంలో సుక్రోజ్‌తో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. పైగా బెల్లం మొదటి నుంచీ ఎర్రగానే ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆపాలో కంటికి తెలియదు. చక్కెర కారమెల్ అయ్యే వేడికి చేరేలోపు బెల్లం మాడి చేదెక్కుతుంది.

అందుకే పని పంచాం. చక్కెర కారమెల్ అవుతుంది. మంట ఆపాక వెన్న, దాని వెంట బెల్లం పడతాయి. బెల్లం అక్కడ కరిగితే చాలు, కాలాల్సిన పని లేదు. దాని చెరుకు వాసన, కొంచెం ఉప్పదనం అలాగే మిగులుతాయి. బెల్లంలో ఇసుక, చెరుకు పీచు ఉండొచ్చు, కాబట్టి రెండు చెంచాల నీళ్ళలో కరిగించి వడకట్టాలి. ఆ నీళ్ళు కారమెల్‌లో పడగానే భగ్గున పొంగుతుంది, చెయ్యి దూరంగా పెట్టండి.

పండు, పులుపు, రెండు పేరున్న పండ్ల సంగతి

ఆపిల్‌లో 85 శాతం దాకా నీళ్ళే. ముక్కను పట్టి ఉంచేది పెక్టిన్. ఉడికే కొద్దీ అది కరిగి ముక్క మెత్తబడుతుంది. పుల్లటి వాతావరణంలో ఆ కరగడం నెమ్మదిస్తుంది. ఫ్రాన్స్‌లో ఈ వంటకు పులుపున్న, గట్టి రకాలే ఎంచుకుంటారు. మనకు వచ్చే ఎర్ర డెలీషియస్ రకాల్లో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. ఆ లోటు పూడ్చే పని నిమ్మకాయది. నకిరేకల్ నిమ్మతోటలు మాకు దగ్గరే, పండు దొరకడానికి ఇబ్బంది లేదు. అర చెక్క రసం ముక్కలకు పడితే ముక్క నిలుస్తుంది, తీపి దిగుతుంది. ఒక్క దినుసు రెండు పనులు చేసింది, లోపలికి వచ్చింది.

బత్తాయి నల్గొండకు గర్వం. రసం పోస్తే బాగుంటుందని అనిపిస్తుంది. కానీ బత్తాయిలో పులుపు చాలా తక్కువ, కాబట్టి నిమ్మ చేసే పని చేయలేదు. పైగా దాని రసం పిండి పెట్టినా, కాగబెట్టినా చేదెక్కుతుంది. లిమోనిన్ అనే పదార్థం అప్పుడే తయారవుతుంది. జ్యూస్ సెంటర్‌లో పిండగానే తాగమనేది ఇందుకే. కాబట్టి రసం వద్దు. తొక్క మీది పచ్చటి పొరను మాత్రం, కింది తెల్లది తగలకుండా, కోరి వేస్తే మంచి వాసన. బత్తాయికి సగం ప్రవేశం.

ఇక సీతాఫలం. పాలమూరు బాలానగర్ పేరు మీద ఏకంగా ఒక రకమే ఉంది. దసరా ముందర మా దిక్కు రోడ్ల వెంట బుట్టలు బారులు తీరుతాయి, అదే సమయానికి కొత్త ఆపిల్ కూడా వస్తుంది. రెండూ కలిపితే ఎంత బాగుండు అనిపిస్తుంది. కానీ సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదు, వగరు తిరుగుతుంది. సీతాఫలం జామ్ అంగట్లో కనిపించక, సీతాఫలం ఐస్‌క్రీమ్ మాత్రం ఎక్కడ చూసినా ఉండటానికి ఇదొక కారణం. గుజ్జును కాచి కాకుండా గడ్డకట్టించి నిలవ చేస్తారు. అందుకే దానికి పొయ్యి దగ్గర పని లేదు. గింజలు తీసిన గుజ్జును చల్లటి మీగడతో కలిపి, వేడి టార్ట్ ముక్క పక్కన పెట్టాలి. వేడి, చల్లన రెండూ ఒక్క చెంచాలో వస్తాయి. అక్క చేసిన వాటిలో ఇంట్లో అందరూ మళ్ళీ అడిగింది ఈ జత.

ఓవెన్ లేకుంటే దమ్

ఓటీజీ ఉన్నవాళ్ళకు చిక్కు లేదు: 190 డిగ్రీలు, 35 నుంచి 40 నిమిషాలు. లేనివాళ్ళు కేకుకు చేసినట్టే మందపాటి గిన్నెలో అంగుళం మందం ఉప్పు పోసి, లోపల స్టాండ్ పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయాలి. ఉప్పు 801 డిగ్రీల దాకా కరగదు, వేడిని అంతటా సమంగా పంచుతుంది. కుక్కర్ వాడితే రబ్బర్ రింగు, విజిల్ రెండూ తీసేయాలి. ఇది మర్చిపోవద్దు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఈ పద్ధతిలో వేడి కింద నుంచే వస్తుంది. టార్ట్‌లో రేకు పైన ఉంటుంది. కింద పాకం మాడే దాకా పెట్టినా పైన రేకు తెల్లగా, ఉడికిన పిండిలాగా ఉంటుంది. రేకు ఎర్రబడాలంటే దాని మీద 150 దాటిన పొడి వేడి తగలాలి.

దీనికి జవాబు హైదరాబాద్ బిర్యానీలో ఉంది. దమ్ పెట్టేటప్పుడు మూత మీద నిప్పులు పోస్తారు కదా, అదే. వెడల్పాటి ఇనుప మూత పెట్టి, కట్టెల పొయ్యిలోని నిప్పులు దాని మీద పరిస్తే పైనుంచి కూడా వేడి దిగుతుంది. కింద సన్న మంట, పైన నిప్పులు, 40 నుంచి 45 నిమిషాలు. తాతాన్ అక్కాచెల్లెళ్ళ కాలంలో కరెంటు ఓవెన్ లేదు. మన వాకిట్లో పొయ్యి వాళ్ళ వంటింటికి దగ్గరి చుట్టమే. ఒక్క జాగ్రత్త: నిప్పుల పని వాకిట్లోనే, గాలి ఆడే చోటే. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కొలతలు, పద్ధతి (8 అంగుళాల గిన్నెకు)

రేకుకు: మైదా 100 గ్రాములు, జొన్నపిండి 50 గ్రాములు, గట్టి వెన్న 85 గ్రాములు (లేదా పేరుకున్న నెయ్యి 70), ఉప్పు పావు చెంచా, చల్లనీళ్ళు 3 లేదా 4 పెద్ద చెంచాలు.

లోపలికి: ఆపిల్స్ 6 (సుమారు 900 గ్రాములు), చక్కెర 80 గ్రాములు, బెల్లం 40 గ్రాములు, వెన్న 40 గ్రాములు, అర చెక్క నిమ్మరసం, ఒక బత్తాయి తొక్క కోరు, చిటికెడు ఉప్పు.

1. ఆపిల్స్ చెక్కు తీసి, ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి, గింజ భాగం తీసి, నిమ్మరసం పట్టించండి. వీలైతే ముందు రోజు రాత్రే కోసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పైతడి ఆరితే పాకం పలచబడదు. రంగు మారుతుంది, ఫర్వాలేదు, ఎలాగూ కారమెల్‌లో ఎర్రబడేదే.

2. పిండ్లు, ఉప్పు కలిపి, వెన్న ముక్కలు వేసి వేళ్ళ కొసలతో నలపండి. రవ్వలాగా అయ్యాక నీళ్ళు చిలకరిస్తూ ముద్దకు రానివ్వండి. పిసకొద్దు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

3. ప్లాస్టిక్ పిడి లేని మందపాటి స్టీల్ గిన్నెలో చక్కెర, ఒక చెంచా నీళ్ళు వేసి మధ్య మంట మీద పెట్టండి. గంటె పెట్టి తిప్పొద్దు, గిన్నెనే అటూ ఇటూ వంచండి. గంటె తిప్పితే చక్కెర మళ్ళీ పలుకు కడుతుంది. రాగి రంగు రాగానే మంట ఆపి వెన్న, వడకట్టిన బెల్లం, ఉప్పు, బత్తాయి కోరు వేయండి. పక్కన గిన్నెడు చల్లనీళ్ళు ఉంచుకోండి. కారమెల్ చేతి మీద పడితే మరిగే నీళ్ళకంటే ఎక్కువ కాలుతుంది, అంటుకుపోతుంది కూడా.

4. ముక్కలను గుండ్రటి వైపు కిందికి ఉండేలా ఇరుకుగా పేర్చండి. ఉడికితే కుంచించుకుపోతాయి, కాబట్టి ఖాళీ వదలొద్దు. సన్న మంట మీద 15 నుంచి 20 నిమిషాలు, ఊరిన రసం చిక్కబడే దాకా ఉంచండి. ఈ మెట్టు దాటేస్తే బోర్లించినప్పుడు పులుసు కారుతుంది.

5. పిండి ముద్దను రెండు పాల కవర్ల మధ్య పెట్టి రేకు ఒత్తండి. జొన్న ఉంది కాబట్టి అక్కడక్కడ చిరుగుతుంది, వేళ్ళతో అతికేయండి. బోర్లించాక ఆ వైపు అడుగుకు పోతుంది, ఎవరికీ కనపడదు. ముక్కల మీద కప్పి, అంచులు గిన్నె లోపలికి మడిచి, ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు పెట్టండి.

6. పైన చెప్పినట్టు ఓటీజీలోనో, దమ్ మీదనో కాల్చండి.

7. దించాక పది పదిహేను నిమిషాలు ఆగండి. వెంటనే బోర్లిస్తే రసం కారుతుంది, పూర్తిగా చల్లారితే పాకం గిన్నెకు పట్టేస్తుంది. పట్టేస్తే అర నిమిషం సన్న మంట మీద పెట్టండి, వదులుతుంది. గిన్నె కన్నా పెద్ద పళ్ళెం మూతలాగా పెట్టి, రెండు చేతులా గుడ్డతో పట్టుకుని ఒక్కసారే తిప్పండి. సగంలో ఆగొద్దు.

ఇది మనకు కొత్తేనా?

మొదటి ముక్క తిన్న నాయనమ్మ కాసేపు నమిలి, "ఇది మలీద లెక్కనే ఉన్నది" అంది. నాకు ఈ వంట గురించి ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. బతుకమ్మకు, పీర్ల పండుగకు మన ఊళ్ళలో చేసే మలీద ఏంటి? రొట్టెను పొడి చేసి, బెల్లం, నెయ్యి కలిపేది. కాల్చిన పిండి, కొవ్వు, ఎర్రటి తీపి. టార్ట్‌లో ఉన్నవీ అవే. మలీదలో మూడూ కలిసిపోతాయి, టార్ట్‌లో పొరలుగా విడివిడిగా ఉంటాయి, మధ్యలో పండు చేరింది. అందుకే జొన్న, బెల్లం ఇక్కడ కొత్త చుట్టాల్లాగా అనిపించలేదు.

మా దిక్కు బోర్లు, కాలువ నీళ్ళు వచ్చాక వరి పెరిగి జొన్న చేలు తగ్గాయి. ఒకప్పుడు మూడు పూటలా తిన్న పిండిని ఇప్పుడు "హెల్తీ" అని ప్యాకెట్లలో కొంటున్నాం. టార్ట్‌లో 50 గ్రాములు వేస్తే జొన్న పంట తిరిగి రాదు. కానీ జొన్న అంటే డైట్ తిండి అనుకునే పిల్లలకు అది రుచి కోసం కూడా తినేదని తెలుస్తుంది.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి

దీన్ని చివరికి పెట్టాను కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. అక్క ఈ టార్ట్ ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాక ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "బెల్లంది, జొన్నది కద. షుగరున్నోళ్ళు తినొచ్చు కద?" మా వాడకట్టులో ఇంటికొకరు షుగర్ గోలీలు వేసుకునేవాళ్ళున్నారు. మా బాపుకూ ఉంది.

లెక్క ఇది. బెల్లంలో నూటికి 80 పాళ్ళ పైన చక్కెరలే. ఇనుము లాంటి ఖనిజాలు కొంచెం ఉంటాయి, ఒక ముక్కలో వచ్చే 5 గ్రాముల బెల్లంతో వాటి లాభం లెక్కకు రాదు. మన కొలత ప్రకారం టార్ట్‌ను 8 ముక్కలు చేస్తే, ఒక్కోదాంట్లో చక్కెర, బెల్లం కలిపి 15 గ్రాములు. దానికి ఆపిల్ తీపి, మైదా అదనం. జొన్న మూడో వంతే. రక్తంలోకి పోయాక గ్లూకోజ్ తాను చక్కెర నుంచి వచ్చిందో బెల్లం నుంచి వచ్చిందో చూసుకోదు.

ఒక వదిన వాళ్ళ మామయ్య కోసం, పెద్ద ఆర్డర్ పట్టుకుని ఇదే అడిగింది. అక్క, "లేదు వదినా, బెల్లమైనా చక్కెరైనా షుగరుకు ఒక్కటే. మామయ్యకు పెట్టకు" అంది. ఆర్డర్ పోయింది. ఆ వారం అక్కకు వచ్చిన పెద్ద ఆర్డర్ అదొక్కటే. "బెల్లంతో చేసింది" అని డబ్బా మీద రాసుకోవచ్చు, అది నిజం. "షుగర్ ఉన్నవారికి మంచిది" అని రాస్తే అది ఎవరి కాలికో, కంటికో వచ్చే ప్రమాదం. ఇప్పుడు ఆమె డబ్బా మీద ఒక ముక్కలో ఎంత తీపి ఉందో గ్రాముల్లో రాసి అంటిస్తోంది. ఆ లెక్క వేసి పెట్టడం నా పని.

మీది ఏ ఊరైనా ఈ పద్ధతి పనికొస్తుంది. గుంటూరు వాళ్ళు నిమ్మ బదులు పచ్చి మామిడి ముక్కలు కలిపి చూడొచ్చు, పులుపుతో పాటు పెక్టిన్ కూడా దొరుకుతుంది. అనంతపురం వాళ్ళు జొన్న బదులు కొర్రపిండి వేయొచ్చు, దాంట్లోనూ గ్లూటెన్ లేదు. అరకు వాళ్ళు కారమెల్‌లో అర చెంచా కాఫీ డికాషన్ పోయొచ్చు, చేదు పని అది కూడా చేస్తుంది. ముందు పని రాసుకోండి, తర్వాత దినుసు వెతకండి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫ్రిజ్ కింది అరలో ఆపిల్స్ ఉన్నాయేమో చూడండి.